సైరన్ దాకా పస్తు

సమ్మవ్వ ఇంటి గడప తొక్కిన మనిషి తినకుండా బయటపడ్డాడన్న మాట ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. కరెంటు మీటరు చూసిపోవడానికి వచ్చినవాడికీ పెడుతుంది, చందాల రసీదు పుస్తకం పట్టుకుని వచ్చినవాడికీ పెడుతుంది. "ఇప్పుడే తినొచ్చిన అక్కా" అంటే నమ్మదు. వాడి ముఖంలోకి ఒకసారి చూసి, లోపలికి పోయి కంచంలో అన్నం పెట్టుకుని వస్తుంది. ఆమె పెట్టిన అన్నం వద్దని గెలిచిన మొనగాడు గోదావరిఖని చుట్టుపక్కల లేడు.

అట్లాంటి మనిషి మూడువేల పసికూనలకు చేతులారా పస్తు పెట్టింది. తెలిసే పెట్టింది. ఆ రోజుల్లో ఆమె పడిన బుగులు చెబితే తప్ప సమ్మవ్వ ఎవరో మీకు తెలిసినట్టు కాదు.

ముందు ఒకమాట. సమ్మవ్వ పొట్టి మనిషి. మామూలు పొట్టి కాదు, తలుపు పైగొళ్ళెం పెట్టాలంటే పీట వేసుకోవాలి. ఆమె పుట్టిన ఏడు బొగ్గుబాయిల్లో పెద్ద సమ్మె జరిగింది. తండ్రి బాయిలో బొగ్గు ఎత్తేవాడు. రెండు నెలలు జీతం లేదు, పొయ్యిలో పిల్లి లేవలేదు. బాలింత తల్లికి తిండి లేక పాలు పడలేదు. పిల్ల నోట్లో గంజినీళ్ళు పోసి బతికించారు. బతికింది గానీ ఎదగలేదు. తరువాత ఎంత పెట్టినా ఆ తొలినాళ్ళ లోటు పూడలేదు. "నా బిడ్డ గిడసబారిపాయె" అని తల్లి పోయేదాకా చెప్పుకుని ఏడ్చింది. సమ్మవ్వ మాత్రం దానికి ఏనాడూ ఏడవలేదు. బదులుగా కనిపించినవాళ్ళందరికీ అన్నం పెట్టడం మొదలుపెట్టింది.

మొగుడు సదయ్య కూడా బాయి మనిషే. బాయి లోపల, బొగ్గు డబ్బాలను ఇనుపతాడుతో పైకి లాగే యంత్రం ముందు ముప్పై రెండేళ్ళుగా కూర్చున్నాడు. ఇంకో పది నెలల్లో ఉద్యోగం దిగిపోతాడు. దిగిపోయాక కంపెనీ క్వార్టర్ వదలాలి. అందుకే ఊరి బయట ఉన్న ముక్కజాగాలో రెండు గదులూ, పక్కన పొడుగాటి కోళ్ళ షెడ్డూ వేసుకుని ముందే చేరిపోయారు. ఇద్దరాడపిల్లల చదువులు ఇంకా తీరలేదు. ముందుముందు ఆ ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ షెడ్డు నడవాలి.

షెడ్డు నడవడం సమ్మవ్వ చేతిలో సగమే ఉంది. కోడిపిల్లలనూ, మేతనూ ఒక కోళ్ళ కంపెనీ పంపిస్తుంది. నలభై రోజులు పెంచి ఇస్తే లారీలో ఎత్తుకుపోతుంది, పెంచినందుకు కూలి ఇస్తుంది. ఆ కంపెనీ తరఫున వారానికోసారి సూపర్‌వైజర్ ఉపేందర్ వచ్చి, పిల్లలను తూచి, షెడ్డు గోడకు వేలాడే కార్డు మీద రాసిపోతాడు. ఆ కార్డు మీద పోయిన రెండు బ్యాచులూ బాగాలేవు. ఆకలంటే సమ్మవ్వ ఊరుకుంటుందా, ఆ రెండిటికీ డబ్బాల్లో మేత అడుగంటనివ్వలేదు. పిల్లలు పోటీలు పడి తిని దబ్బపళ్ళలా పెరిగాయి. నాలుగో వారం దాటాక, ఎండలు ముదిరాక, నిలుచున్న కోడి నిలుచున్నట్టే రెక్కలు కొట్టుకుని వెల్లకిలా పడి చావడం మొదలైంది. కొన్నిటికి పొట్టలో నీరు. కొన్ని కాళ్ళు ఆనించలేక చతికిలబడ్డాయి. రోజూ పొద్దున బకెట్ పట్టుకుని చచ్చినవాటిని ఏరుకోవడం ఆమె వల్ల కాలేదు.

"ఇంకొక్క బ్యాచ్ చూస్త అక్కా," అన్నాడు ఉపేందర్, కార్డు మడిచి జేబులో పెట్టుకుంటూ. "గిట్లనే సచ్చిపోతే మావోళ్ళు పిల్లలు పంపరు. నా చేతుల లేదు."

సమ్మవ్వ ఆ మధ్యాహ్నమే పశువుల దవాఖానకు పోయింది. అక్కడి డాక్టరమ్మ అనసూర్య, చచ్చిన కోడిని కోసి చూసి, చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఏం తక్కువ చేసిన మేడం?" అని అడిగింది సమ్మవ్వ.

"తక్కువ చెయ్యలే, ఎక్కువ చేసినవు. వీటి జాతే అట్ల. పెట్టినకొద్దీ తింటయి, తిన్నకొద్దీ పెరుగుతయి. కండ పెరిగినంత జల్ది గుండె పెరగదు, కాళ్ళు పెరగయి. చిన్న ఇంజన్‌కు పెద్ద లోడ్ ఏసినట్టు. ఇంక మన రామగుండం ఎండ. ఆగిపోక ఏంజేస్తది?"

"మరెట్ల?"

"పస్తు పెట్టాలె."

సమ్మవ్వ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆమె లేచినా కూర్చున్నా పెద్ద తేడా ఉండదు, అది వేరే సంగతి. డాక్టరమ్మ నవ్వకుండా మళ్ళీ కూర్చోబెట్టింది.

"మొత్తం విను. ఎనిమిదో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా, రోజుకు ఎనిమిది గంటలు మేత తీసెయ్. నీళ్ళు మాత్రం ఒక్క నిమిషం బంద్ పెట్టకు. ఆ వారం పిల్లలు బక్కగనే ఉంటయి, భయపడకు. ఆ తర్వాత కడుపునిండ పెట్టు. నెల దాటేటాళ్ళకు పోయిన బరువు తిరిగి అందుకుంటయి. గుండె, కాళ్ళు గట్టిపడి ఉంటయి గనుక ఎండకు తట్టుకుంటయి."

"పస్తున్న పిల్ల మళ్ళ అందుకుంటదా మేడం?" సమ్మవ్వ ముందుకు వంగింది. "నిజంగ అందుకుంటదా?"

"అందుకుంటది. కానీ ఒకటి యాదుంచుకో. మొదటి వారం మేత ఆపకు. అప్పుడు మాడిన కడుపు మళ్ళ కోలుకోదు. ఇంకోటి, ఎనిమిది గంటలంటే ఎనిమిదే. మీదికి పోవద్దు. డబ్బాలు కూడా అన్నీ ఒక్కసారే దించాలె. లేకుంటే ఒకదానిమీద ఒకటి ఎక్కి సస్తయి."

ఇంటికొచ్చి సదయ్యకు చెబితే అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. "నువ్వు పస్తు పెడ్తవా? నువ్వు?" అన్నాడు. నవ్వీ నవ్వీ, కళ్ళు తుడుచుకుని, మరునాటి నుంచి పనిలో పడ్డాడు. ముప్పై రెండేళ్ళు తాడు లాగిన మనిషి కదా. షెడ్డు కప్పుకు గిరకలు కట్టి, మేత డబ్బాలన్నిటినీ రెండు తాళ్ళకు వేలాడదీసి, ఆ రెంటినీ గుమ్మం పక్క ఒక్క కొక్కేనికి తెచ్చాడు. లాగితే డబ్బాలన్నీ పైకి లేస్తాయి, వదిలితే అన్నీ కిందికి దిగుతాయి. భార్య ఎత్తుకు తగ్గట్టు ఆ కొక్కేన్ని కిందికి బిగించాడు. ఆ మాట పైకి చెప్పలేదు, సమ్మవ్వా అడగలేదు.

వేళలు కూడా తేలికగానే కుదిరాయి. పొద్దున ఏడింటికి బాయి సైరన్ మోగుతుంది, మొదటి షిఫ్టు. పగలు మూడింటికి మళ్ళీ మోగుతుంది, రెండో షిఫ్టు. సరిగ్గా ఎనిమిది గంటలు. గోడకు గడియారం ఉంది, చేతిలో ఫోనూ ఉంది. కానీ బాయి పక్కన పుట్టి బాయి మనిషిని కట్టుకున్న ఆడదానికి సైరన్ మోగితేనే మూడు. ఎసరు పెట్టడం, బిడ్డలను బడికి తోలడం, మొగుడి కోసం వాకిట్లోకి చూడడం, అన్నీ ఆ కూతను బట్టే నడిచాయి. పస్తును కూడా దానికే కట్టేసింది.

కొత్తగా వచ్చిన కోడిపిల్లలకు మొదటి వారం రాజభోగం. ఎనిమిదో రోజు పొద్దున ఏడింటి సైరన్‌కు సమ్మవ్వ కళ్ళు మూసుకుని తాడు లాగింది. డబ్బాలు లేచాయి. మొదటి గంట ఏమీ కాలేదు. పది దాటాక పిల్లలు గోల పెట్టాయి. ఊకలో ముక్కులు గుచ్చి వెతికాయి. ఆమె చెప్పుల మీదికెక్కి బొటనవేలిని పొడిచాయి. సమ్మవ్వ ఇంట్లోకి పోయి తలుపేసుకుంది, ఉండలేక మళ్ళీ వచ్చింది. తను కూడా మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. వాటిని మాడ్చి తను తింటే ముద్ద దిగుతుందా? మూడింటి సైరన్ ఇంకా పూర్తిగా మోగనేలేదు, తాడు వదిలేసింది.

"నువ్వెందుకే పస్తు? డాక్టరమ్మ నీక్కూడ రాసిచ్చిందా?" అన్నాడు సదయ్య, డ్యూటీ దిగి వచ్చి.

"ఊకో, నీకేం తెల్సు," అంది. నాలుగు రోజులు అట్లాగే గడిచాయి.

ఐదో రోజు, పిల్లలకు పన్నెండో రోజు. సమ్మవ్వ మూడవుతుందనగా వచ్చి కొక్కెం పక్కన నిలబడింది. ఎండ కాస్త వాలింది. పిల్లలు అరుస్తున్నాయి. సైరన్ మోగలేదు. ఇంకా వేళ కాలేదేమో అనుకుంది. పిల్లల గోల పెరిగింది. ఏదో తేడాగా అనిపించి ఫోన్ తీసి చూసింది. మూడూ ఇరవై.

ఇప్పుడు మీరూ నేనూ అయితే ఏం చేస్తాం? మూడు దాటిపోయింది కదా అని తాడు వదిలేస్తాం. బాయి మనిషి పెళ్ళానికి ఆ ఆలోచన రాదు. మూడింటికి మోగాల్సిన సైరన్ మోగలేదంటే బాయిలో ఏదో అయింది. మొదటి షిఫ్టులో సదయ్య ఉన్నాడు. ఆమె అతనికి ఫోన్ చేసింది. బాయిలోకి ఫోన్ పట్టుకుపోనివ్వరు గనుక అది పక్కగదిలోనే మోగింది. అది మోగుతుంటే వినలేక కట్ చేసి, కొంగు నడుముకు దోపుకుని, షెడ్డు తలుపు గొళ్ళెం పెట్టి, రోడ్డు మీదికి పరుగెత్తింది.

రోడ్డు మీద ఇస్హాక్ ఆటో దొరికింది. "బాయికాడికి" అనగానే అతను ఆమె ముఖం చూసి ఆటో తిప్పాడు.

"సైరన్ మోగలే ఇస్హాక్ భాయ్. మా ఆయన లోపలున్నడు."

"ఫికర్ చెయ్యకు చెల్లె. ఏమన్నా అయితే రోడ్డు మీద అంబులెన్సులు ఉరుకుతుండె. ఒక్కటన్నా కనవడ్డదా?"

ఆ మాట సబబే. అయినా దారి పొడుగునా సమ్మవ్వ ఆటో కడ్డీ పట్టుకుని, మొక్కని దేవుడు లేకుండా మొక్కింది. బాయి గేటు ముందు జనం కనబడేసరికి ఆటో ఆగకముందే ఒక కాలు కింద పెట్టింది. దిగి, అందరి మోచేతుల కిందనుంచి దూరి ముందుకు పోయింది. చూస్తే అక్కడ వేపచెట్టు నీడలో వందమంది బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఇద్దరు కార్మికుల బదిలీ మీద పంచాయితీ. రెండో షిఫ్టువాళ్ళు హాజరు వేయించుకునేది లేదని భీష్మించారు. షిఫ్టే మొదలుకాకపోతే సైరన్ ఎందుకు మోగుతుంది? మొదటి షిఫ్టువాళ్ళు పైకొచ్చి వాళ్ళతో పాటు కూర్చున్నారు. మధ్యలో సదయ్య, నల్లటి ముఖంతో, చాయ్ తాగుతున్నాడు.

"ఏందే, నువ్వొచ్చినవ్?" అన్నాడు.

సమ్మవ్వ అతని భుజం మీద రెండు దెబ్బలు వేసింది. వందమంది ముందు. తరువాత అక్కడే కూలబడి ఏడ్చింది. వాళ్ళు నవ్వి, నీళ్ళిచ్చి, ఒక గ్లాసు చాయ్ ఇచ్చారు. ఆమె దాన్ని పెదవుల దాకా తీసుకుపోయి, సదయ్యను అడిగింది.

"నువ్వు పొద్దున ఏం తిన్నవ్?"

ఆ మాట తన నోట్లోంచి వచ్చాక గుర్తొచ్చాయి పిల్లలు.

అప్పుడు నాలుగున్నర. ఇస్హాక్ వెళ్ళిపోయాడు. సమ్మె సంగతి తెలిసి రోడ్డు మీద ఆటోలు పలచబడ్డాయి. సగం దూరం నడిచి, సగం ఎవరిదో బండి మీద కూర్చుని ఇంటికి చేరేసరికి ఆరు. పదకొండు గంటల పస్తు. షెడ్డులోంచి వచ్చే అరుపు వాకిట్లోకే వినబడుతోంది. పరుగున పోయి తాడు విప్పింది. ఆ ఆగమాగంలో ఒక తాడు గిరక మీదినుంచి జారి బిగుసుకుపోయింది. ఒక పక్క డబ్బాలు నేలకు దిగాయి, రెండో పక్కవి గాలిలోనే వేలాడాయి. మూడువేల పిల్లలూ ఒక్క పక్కకు ఎగబడ్డాయి. ఒకదాని మీద ఒకటి, దాని మీద ఇంకొకటి.

"ఓయమ్మో, ఆగుండ్రి, ఆగుండ్రి!" అని అరుస్తూ సమ్మవ్వ మోకాళ్ళ మీద పాకి రెండు చేతులతో వాటిని ఎత్తి అవతలికి విసిరింది. పీట ఎక్కి ఇరుక్కున్న తాడును ఒక్క గుంజు గుంజింది. రెండో పక్క కూడా దిగింది. గుంపు చెదిరాక అడుగున పదిహేడు పిల్లలు మిగిలాయి. అణిగి, ఊపిరి లేక, ఇంకా వెచ్చగా ఉన్నాయి.

డాక్టరమ్మకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. "పదకొండు గంటలా?" అంది అనసూర్య. "సరే, అయిందేదో అయింది. ఇంక పస్తు ఆపెయ్. రేపట్నుంచి కడుపునిండ పెట్టు."

"అందుకుంటయా మేడం?"

"చూద్దాం."

అంతకుముందు "అందుకుంటది" అన్న మనిషి ఇప్పుడు "చూద్దాం" అంది. సమ్మవ్వకు నిద్ర పట్టకపోవడానికి ఆ ఒక్కమాట చాలు.

రెండు రోజులకు ఉపేందర్ వచ్చాడు. పది పది పిల్లలను బుట్టలో వేసి తూచాడు. మళ్ళీ తూచాడు. నాలుగు వందల ఇరవై గ్రాములు ఉండాల్సిన పిల్ల మూడు వందల ముప్పై తూగింది.

"మేత ఏడికి పోయింది అక్కా? బయట అమ్ముతున్నవా?"

పెట్టే చేతిని పట్టుకుని ఆ మాట అన్నాడు చూడండి. సమ్మవ్వ ముఖం ఎర్రబడింది. అతన్ని కొట్టులోకి తీసుకుపోయి, మిగిలిన మేత బస్తాలు చూపించింది. కుట్టు విప్పనివి విప్పనట్టే ఉన్నాయి. "లెక్కవెట్టుకో సార్. ఒక్క గింజ బయటికి పోతే నా బిడ్డల మీదొట్టు. డాక్టరమ్మ చెప్తే రోజింత సేపు ఆపిన." పస్తు సంగతి చెప్పింది. పదకొండు గంటల సంగతి మాత్రం మింగేసింది.

ఉపేందర్ బస్తాలు లెక్కపెట్టాడు, కాస్త మెత్తబడ్డాడు. అయినా కార్డు మీద ఎర్రపెన్నుతో గీత గీశాడు. "కంపెనీ చెప్పని పని చేసినవ్ అక్కా. ముప్పై అయిదో రోజుకు బరువు రాకుంటే ఇదే ఆఖరి బ్యాచ్. నన్ను తిట్టుకోకు."

ఆ మూడు వారాలు సమ్మవ్వకు కంటిమీద కునుకు లేదు. రోజూ కొక్కెం కాటాకు బకెట్ తగిలించి ఒక పిల్లను తూచేది. నిన్న తూచిన పిల్లే అని గుర్తుండడానికి దాని కాలికి ఎర్రదారం కట్టింది. ఆ దారం పిల్ల గిడసగా కనబడితే ఆ పూట అన్నం సయించేది కాదు. పిల్లలకు మూడు వారాల వయసు నిండేసరికి అది ఆబగా తినడం మొదలుపెట్టింది. అన్నీ అంతే. వేసిన మేత వేసినట్టే ఖాళీ. కానీ తింటున్నాయి కదా అని సంతోషించడానికి లేదు, పోయిన బ్యాచులూ తినే చచ్చాయి. వాటి నాలుగో వారంలో ఎండ నలభై ఆరుకు పోయింది. గోనెసంచులు తడిపి తెరలకు కట్టింది. చుట్టుపక్కల షెడ్లలో కోళ్ళు రాలుతున్నాయని కబురు వచ్చిన రోజు, తెల్లవారకముందే బకెట్ పట్టుకుని షెడ్డులోకి పోయింది. మూల మూలా వెతికింది. చచ్చినది ఒక్కటి దొరికింది. అన్ని వేలల్లో ఒక్కటి. నమ్మలేక ఇంకోసారి తిరిగింది.

"ఆపద మొక్కులు ఎన్ని మొక్కినవ్?" అని సదయ్య వేళాకోళమాడాడు గానీ, అతనూ రోజూ డ్యూటీ దిగి స్నానం చేయకుండానే షెడ్డులోకి తొంగిచూసి వచ్చేవాడు.

ముప్పై అయిదో రోజు ఉపేందర్ వచ్చాడు. సమ్మవ్వ గుమ్మం దగ్గర కొక్కేన్ని పట్టుకుని నిలబడింది, లోపలికి పోలేదు. కాటా చప్పుడు వినబడుతోంది. అతను ఒక మూల తూచాడు. ఇంకో మూలకు పోయి తూచాడు. చాలాసేపు పట్టింది. బయటికి వచ్చి చెమట తుడుచుకున్నాడు.

"కిలో తొమ్మిదొందలు."

"తక్కువనా సార్?"

"ఏం తక్కువ! మిగతా షెడ్లల్ల గింతనే ఉన్నయి. ఆడ షెడ్డుకు మూడొందలు, నాలుగొందలు కోళ్ళు సచ్చినయి. నీకాడ?"

"యాభై ఒకటి." ఇక దాచడం ఆమె వల్ల కాలేదు. "అండ్ల పదిహేడు నేను సంపినయే సార్. ఒకరోజు సైరన్ మోగలే. మా ఆయనకేమన్న అయిందని ఉరికిన. పదకొండు గంటలు మాడ్చిన. నీకు చెప్పలే."

ఉపేందర్ ఆమెను వింతగా చూశాడు. కార్డు తీసి, ఎర్రగీత పక్కన తరువాతి బ్యాచ్ తేదీ రాశాడు. రాసి, పెన్ను మూత పెట్టకుండా అడిగాడు. "పదకొండు గంటలు పస్తుండి గూడ గింత ఎట్ల అందుకున్నయి అక్కా? మిగతా రైతులకు నేనేం చెప్పాలె?"

సమ్మవ్వ షెడ్డులోకి చూసింది. ఎర్రదారం కోడి బరువైన ఒళ్ళుతో, గట్టి కాళ్ళ మీద నిలబడి నీళ్ళు తాగుతోంది. దారం కాలికి బిగుసుకుపోయింది, విప్పాలి. ఆమెకు తల్లి గుర్తొచ్చింది, గంజినీళ్ళ గిన్నె గుర్తొచ్చింది. ఇన్నేళ్ళలో మొదటిసారి తన పొట్టితనానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మొదటి వారం కడుపునిండ తిన్నయి సార్," అంది. "గదే చెప్పు. మొదటి వారం ఎవ్వల్నీ మాడ్చొద్దని చెప్పు."

కొంగుతో ముఖం తుడుచుకుని, అతను వద్దు వద్దంటున్నా వినకుండా, అన్నం పెట్టుకొచ్చేందుకు ఇంట్లోకి పోయింది.